గడీ గోడ, డ్రాయింగు రూము గోడ

నాంపల్లి నుమాయిష్‌లో చేనేత దుకాణాల వరసలోకి వెళ్తే ఒక ముఖం వదలకుండా వెంటపడుతుంది. చీర కొంగు మీదా, గుడ్డ సంచి మీదా, గోడకు తగిలించుకునే పళ్లెం మీదా అదే. నల్లని మేను, నుదుట కాసంత కుంకుమ బొట్టు, ముక్కెర, ఎర్రంచు చీర, పక్కన ఒక చిలక. అవి తోట వైకుంఠం వేసినవి కావు, ఆయన గీతను చూసి నేర్చిన చేతులు వేసినవి. ఒక చిత్రకారుడి శైలి ఆయన కళ్లముందే ఇలా ఊరుమ్మడి సొత్తయిపోవడం తెలుగునాట అరుదు. బాపు తర్వాత ఈయనకే దక్కిందనుకుంటాను.

ఆ వైకుంఠానికే సినిమా కళలో జాతీయ పురస్కారం కూడా ఉంది. బి. నర్సింగరావు తీసిన 'దాసి' (1988)కి కళా దర్శకుడు ఆయనే. ఉత్తమ తెలుగు చిత్రం, అర్చన నటన, ఏ.కె. బిర్ కెమెరా, వైకుంఠం కళ, సుదర్శన్ దుస్తులు: మొత్తం 5 జాతీయ అవార్డులు. ఈ బొమ్మలూ ఆ సినిమా పక్కపక్కన పెడితే ఇబ్బంది మొదలవుతుంది. రెండింటిలోనూ ఉన్నది తెలంగాణ పల్లె ఆడమనిషే, రెండింటి వెనకా ఉన్నది ఒకే చెయ్యి. అయినా ఒకటి చూసిన కళ్లతో రెండోది చూడటం కష్టం.

'దాసి'ది 1920ల నాటి గడీ, అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. అక్కడి దాసి కమలాక్షికి పగలంతా చాకిరీ, రాత్రి దొర పిలుపు. కడుపొస్తే దొరసాని తీయించేస్తుంది. కథ అంతే. సినిమా బలమంతా ఆ చాకిరీని తొందరపడకుండా చూపించడంలో ఉంది. మాటలు తక్కువ. చూసి ఇన్నేళ్లయినా నాకు గుర్తున్నది సంగీతం కాదు, పనుల చప్పుడు. గడీని వైకుంఠం అందంగా తీర్చలేదు. మనిషి కంటే గోడే పెద్దదిగా కనిపిస్తుంది. మసక వెలుతురులో కమలాక్షి ఆ గోడల పక్కనుంచి వెళ్తుంటుంది, ఎక్కడా కూర్చున్నట్టు అనిపించదు.

బొమ్మల్లో ఆమె కూర్చుంది. తమలపాకు పట్టుకుంది, లేదా ఏమీ పట్టుకోలేదు. బొమ్మ నిండా ఆమే. వెనక గోడ లేదు, గడీ లేదు, దొర లేడు. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన మనిషి తన అమ్మనూ, ఊరి ఆడవాళ్లనూ, వీధి భాగోతాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లనూ తలచుకుని వేసిన రూపాలివి. బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకుని వచ్చి ఎరుపు, పసుపు, నీలం లాంటి కలపని రంగులకు కట్టుబడ్డాడు. వాటిని ఉత్త అలంకారం అనేసేవాళ్లతో నేను ఏకీభవించను. దొరను బొమ్మలోంచి గెంటేసి, ఆమెకు అంచు నుంచి అంచు దాకా జాగా ఇవ్వడం చిన్న పనేమీ కాదు. కాకపోతే దొరతో పాటు చీపురు కూడా బయటికి పోయింది. కొనేవాడికి అదే సుఖం.

ఆబిడ్స్‌లో ఆదివారం, మూసిన దుకాణాల ముందు పరిచే పాత పుస్తకాల్లో వేలంపాటల కేటలాగులు అప్పుడప్పుడూ దొరుకుతాయి. నున్నని కాగితం, వైకుంఠం బొమ్మ, కింద కొలతలు, ఆ కింద ధర. దాసీలకూ ఒకప్పుడు ధర ఉండేది. ఈ మాట వైకుంఠాన్ని నిందించడానికి కాదు. ఆయన వేసిన ఆడమనిషిని కొన్నవాళ్ల ఇంట్లో అంట్లు తోమేది ఎవరన్న ప్రశ్న ఆ బొమ్మలోంచి పుట్టదు, 'దాసి' చూస్తే తప్పకుండా పుడుతుంది. అందుకే నేను సినిమా వైపు మొగ్గుతాను.

ఈ తేడాకు పాత ఆనవాలు ఒకటి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని అజంతా గ్యాలరీలో ఉంది. నిజాం పురావస్తు శాఖ అధిపతి గులాం యజ్దానీ హయాంలో సయ్యద్ అహ్మద్, జలాలుద్దీన్ గుహల్లో కూర్చుని దించిన ప్రతులు అక్కడివి. అజంతా 17వ గుహలో అద్దం చూసుకునే రాచకాంత పక్కన పళ్లెం పట్టుకున్న సేవికలు ఉంటారు. చూసేవాళ్లంతా రాణి వంపుల గురించే మాట్లాడతారు. ఆ సేవికల రంగూ నగలూ వైకుంఠం దాకా వచ్చాయనిపిస్తుంది, చేతిలోని పళ్లెం మాత్రం నర్సింగరావుకి చేరింది.

బొమ్మ ఎవరి కోసమన్న ప్రశ్న నర్సింగరావు 'దాసి'కి ముందే వేసుకున్నాడు. 'రంగుల కల' (1983)లో హైదరాబాదు చిత్రకారుడి పాత్ర తనే వేశాడు. తనూ చిత్రకారుడే కాబట్టి ఆ పాత్ర తడబాటులో నటన తక్కువ. ఆ సినిమాలో జనం గుండెల్లో నిలిచింది కాన్వాసులు కావు, గద్దర్ గొంతు. పట్నంలో రిక్షా తొక్కే కొడుక్కి జాగ్రత్తలు చెప్తూ ఆయన పాడిన పాటకు పెద్ద వాద్యబృందం అక్కర్లేదు. చిత్రకారుడు సినిమా పొడుగునా వెతుక్కున్న జనం ఆ పాటకు వెతక్కుండానే దొరికారు. దర్శకుడు ఇది తెలిసే అలా తీశాడా? నాకైతే తెలిసే అనిపిస్తుంది.

తెలంగాణ పల్లెనే గీసిన మరో చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచింగుల సంగతి వేరే వ్యాసం. అక్కడి మేకలూ, మనుషులూ, మోటు కోరికా ఏ డ్రాయింగు రూముకీ అంత తేలిగ్గా లొంగవు. నలుపు తెలుపుల్లో ఉండటం వాటికి కలిసొచ్చింది.

వైకుంఠం కూడా మొదట బొగ్గుతో, పెన్సిలుతో గీసినవాడే. నాంపల్లిలో ఎవరైనా ఒక హాలు తీసుకుని 'దాసి' ఆడిస్తే, బయట వరండాలో ఆయన తొలినాటి బొగ్గు బొమ్మలే పెట్టమంటాను. రంగులవి అందరూ చూసినవే.