వాటాతో మొదలుపెట్టి

వెల్చేరు నారాయణరావు 'కన్యాశుల్కం'కు చేసిన ఇంగ్లీషు అనువాదం మన దేశంలో పెంగ్విన్ ప్రచురణగా వచ్చింది. అట్ట మీద పక్షి బొమ్మ చూసి ఆ సంస్థ ఇప్పటికీ బ్రిటిష్‌వాళ్లదేననుకునేవారు చాలామంది. అది చేతులు మారి చాలాకాలమైంది. యజమాని జర్మనీలో, వెస్ట్‌ఫేలియాలోని గ్యూటర్స్‌లో అనే పట్టణంలో ఉన్న బెర్టెల్స్‌మాన్. కొన్నవాడి పేరు అట్ట మీద వెతుక్కున్నా దొరకకపోవడం కూడా ఆ సంస్థ పనితనంలో భాగమే.

1835లో కార్ల్ బెర్టెల్స్‌మాన్ పెట్టిన అచ్చాఫీసు అది. చర్చి కీర్తనలు, భక్తి పుస్తకాలు వేసేది. నాజీల కాలంలో ఎదిరించి నిలిచామని ఆ సంస్థ చాన్నాళ్లు చెప్పుకుంది. అది నిజం కాదనీ, జర్మన్ సైన్యానికి పెద్దయెత్తున పుస్తకాలు సరఫరా చేసిందనీ 2002లో చరిత్రకారుల సంఘం తేల్చింది. ఆ సంఘాన్ని నియమించింది బెర్టెల్స్‌మానే. పనితనాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ మచ్చనూ లెక్కలోకి తీసుకోవాలి.

యుద్ధంలో పట్టుబడి అమెరికా శిబిరంలో ఖైదీగా ఉండి వచ్చిన రైన్‌హార్డ్ మోన్ 1947లో పగ్గాలు పట్టాడు. తర్వాత వేసిన చాలా ఎత్తులకు మూలం 1950లో ఆయన పెట్టిన పుస్తక సభ్యత్వ పథకం 'లేజెరింగ్'లో కనిపిస్తుంది. మామూలుగా ఇలాంటి పథకమంటే ఊళ్లో పుస్తకాల కొట్టు నడిపేవాడికి గుండెల్లో రాయి పడుతుంది, బేరం నేరుగా ప్రచురణకర్త దగ్గరికి పోతుందని. మోన్ ఆ కొట్టువాడినే భాగస్వామిని చేసుకున్నాడు. సభ్యుణ్ణి చేర్చేదీ, చూసుకునేదీ కొట్టువాడు. పుస్తకం తయారుచేసి పంపేది బెర్టెల్స్‌మాన్. వచ్చినదాంట్లో కొట్టువాడికీ వాటా. నాలుగేళ్లలో సభ్యులు పది లక్షలయ్యారు.

ఇతర దేశాలకూ ఇదే పద్ధతిలో వెళ్లారు. 1962లో స్పెయిన్‌లో, 1970లో ఫ్రాన్స్‌లో స్థానిక ప్రచురణకర్తలతో కలిసి పుస్తక సభ్యత్వ పథకాలు తెరిచారు. 1977లో అమెరికాలో ప్రచురణ సంస్థ బాంటమ్ బుక్స్‌లో ముందు 51 శాతమే తీసుకున్నారు, మిగతాది తర్వాత. 1986లో డబుల్‌డేను, 1998లో రాండమ్ హౌస్‌ను మాత్రం ఒకేసారి కొన్నారు.

కుట్టు పిగిలిన చోటూ ఒకటుంది. ఆర్‌టీఎల్ టెలివిజన్ సంస్థలో ఆధిక్యం కోసం 2001లో బెల్జియం పెట్టుబడిదారు ఆల్బెర్ ఫ్రేర్ వర్గానికి డబ్బుకు బదులు తమ సొంత కంపెనీలోనే 25.1 శాతం వాటా ఇచ్చారు. దాంతోపాటు కంపెనీని స్టాక్ మార్కెట్‌కు తీసుకెళ్లమని అడిగే హక్కు కూడా ఇచ్చారు. అలా వెళ్లడం మోన్ కుటుంబానికి ససేమిరా ఇష్టం లేదు. చివరికి 2006లో ఆ వాటాను 450 కోట్ల యూరోలు పోసి వెనక్కి కొన్నారు. ఆ భారం మోయడానికి సంగీత ప్రచురణ వ్యాపారాన్ని యూనివర్సల్‌కు అమ్ముకోవాల్సి వచ్చింది.

ఆ అనుభవం తర్వాత చేసిన ఒప్పందాల్లో చెయ్యి ఎంత కుదురుకుందో చూడండి. 2008లో సోనీతో ఉన్న రికార్డుల పొత్తు తెంచుకుంటూ కొందరు గాయకుల హక్కులు మాత్రం అట్టిపెట్టుకున్నారు. ఆ విత్తనంతో తమ సంగీత సంస్థ బీఎంజీని మళ్లీ మొలిపించారు. 2009లో పెట్టుబడి సంస్థ కేకేఆర్‌కు 51 శాతం ఇచ్చి, దాని డబ్బుతో పాటల హక్కులు కొంటూ పోయి, 2013లో ఆ వాటా మొత్తం కొనేశారు. ఏరు దాటాక బోడి మల్లయ్య అన్నట్టుందే అనిపించవచ్చు, కానీ ఇక్కడ పడవవాడికి కిరాయి పూర్తిగా ముట్టింది.

అన్నిటికంటే నాకు నచ్చింది పెంగ్విన్ ఒప్పందం. అందులో ప్రతి షరతూ ఆగి చదవదగ్గదే. 2013 జూలై 1న రాండమ్ హౌస్, పెంగ్విన్ ఒకటయ్యాయి. బెర్టెల్స్‌మాన్‌కు 53 శాతం, పెంగ్విన్ యజమాని పియర్సన్‌కు 47. బోర్డులో ఐదుగురు జర్మన్లవైపు, నలుగురు బ్రిటిష్‌వాళ్లవైపు. ఛైర్మన్ కుర్చీ పెంగ్విన్ జాన్ మేకిన్సన్‌కు ఇచ్చారు. రోజూ పని నడిపే సీఈఓ పదవి తమ మార్కస్ డోలేకు ఉంచుకున్నారు. పేరులో ముందు పెంగ్విన్‌ను నిలబెట్టారు. మర్యాద వాళ్లకు, పెత్తనం వీళ్లకు! మూడేళ్లదాకా ఎవరూ వాటా వదులుకోకూడదన్న షరతూ పెట్టుకున్నారు.

ఇంకో షరతు మీద అంతగా ఎవరి కన్నూ పడలేదు. మ్యూనిక్ కేంద్రంగా నడిచే జర్మన్ భాషా ప్రచురణల విభాగాన్ని బెర్టెల్స్‌మాన్ ఈ పొత్తులో కలపలేదు. ప్రపంచమంతా కలుపుతున్నా ఇంటి పొలాన్ని మాత్రం విడిగా ఉంచుకుంది. 2017లో మరో 22 శాతం కొని 75కు చేరింది. 2020 ఏప్రిల్‌లో చివరి 25 శాతానికి 67.5 కోట్ల డాలర్లు చెల్లించింది. సంస్థ పూర్తిగా తన చేతికి వచ్చాకే మ్యూనిక్ విభాగాన్ని అందులో చేర్చింది. ఏడేళ్లు ఒక్క షరతును అంత జాగ్రత్తగా కాపాడుకోవడం నాకు గొప్ప ముద్రాపకుడి పనిలా కనిపిస్తుంది.

కొన్న సంస్థల పేర్లు చెరపకపోవడం మరో నేర్పు. నాఫ్, వైకింగ్, డబుల్‌డే, బాంటమ్ ఎవరి గుర్తుతో వాళ్లు, ఎవరి సంపాదకులతో వాళ్లు నడుస్తారు. రచయిత ఏజెంటు రాతప్రతిని వేలానికి పెడితే ఒకే యజమాని కింద ఉన్న రెండు విభాగాలు పోటీపడి పాట పెంచుకోవచ్చు. షరతల్లా బయటి సంస్థ ఒకటైనా బరిలో ఉండాలి. అది తప్పుకుంటే లోపలి పోటీ ఆగిపోతుంది. పైకి స్వేచ్ఛలా కనబడుతూ లోపల యజమాని జేబు కాపాడే ఈ ఏర్పాటును ఎవరు రాశారో గానీ ఘటికులు.

ఈ నేర్పు చెల్లని చోటు ఒక్కటి వచ్చింది. అమెరికా ప్రచురణ సంస్థ సైమన్ అండ్ షుస్టర్‌ను 217.5 కోట్ల డాలర్లకు కొంటామని 2020 చివర్లో ఒప్పందం చేసుకున్నారు. ఈసారి మెట్టుమెట్టుగా కాదు, మొత్తం ఒకేసారి. అమెరికా న్యాయశాఖ కోర్టుకెక్కింది. రెండున్నర లక్షల డాలర్లు, ఆపైన అడ్వాన్సు పలికే పుస్తకాలకు బేరమాడేవాళ్లు తగ్గిపోతారని, ఆ దెబ్బ రచయితలకు తగులుతుందని వాదించింది. సైమన్ అండ్ షుస్టర్ బయటి సంస్థలాగే తమతో పోటీగా పాట పాడుతుందని డోలే ఏజెంట్లకు మాటిచ్చాడు. న్యాయమూర్తి ఫ్లారెన్స్ పాన్ ఆ మాటను నమ్మదగ్గ హామీగా తీసుకోలేదు. లోపలి వేలం నియమాలను కోర్టు బల్ల మీద పరిచి చదివారు. 2022 అక్టోబరు 31న కొనుగోలు ఆగిపోయింది. ఒప్పందం చెడినందుకు 20 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది, ఆ ఏడాది చివరికల్లా డోలే పదవి వదిలాడు.

మరుసటి ఏడు సైమన్ అండ్ షుస్టర్ 162 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. కొన్నది కేకేఆర్.