'విప్‌లాష్': తాళమా? తాడనమా?

అమెరికన్ దర్శకుడు డేమియన్ షజెల్ 2014లో రూపొందించిన 'విప్‌లాష్' సంగీత ప్రధానమైన చిత్రమే. అయినా దానిని చూస్తున్నంతసేపూ ప్రేక్షకునికి కలిగేది ఆహ్లాదం కాదు, భయం. హ్యాంక్ లెవీ కూర్చిన ఒక జాజ్ రచన పేరే చిత్రానికీ పేరయింది. కొరడా దెబ్బ అనే అర్థం కూడ దానికి తగినట్లే ఉన్నది.

న్యూయార్క్‌లోని షేఫర్ అనే కల్పిత సంగీత విద్యాలయంలో డ్రమ్స్ అభ్యసిస్తున్న పందొమ్మిదేళ్ల ఆండ్రూ నీమన్, అక్కడి వాద్యబృంద నాయకుడు ఫ్లెచర్ దృష్టిలో పడతాడు. లయ వెంట్రుకవాసి తప్పితే చెంపదెబ్బలు, కుర్చీ విసరడం, తల్లిదండ్రుల ప్రస్తావన తెచ్చి అవమానించడం: ఇదీ ఫ్లెచర్ బోధనా పద్ధతి. ఈ పాత్రను పోషించిన జె.కె. సిమన్స్‌కు ఉత్తమ సహాయనటునిగా ఆస్కార్ లభించింది. కూర్పుకు, ధ్వనిమిశ్రణానికి కూడ ఆ పురస్కారాలు దక్కడం న్యాయమే.

తన కాఠిన్యానికి ఫ్లెచర్ చూపే ప్రమాణం ఒక కథ. చార్లీ పార్కర్ చిన్నతనంలో తప్పు వాయిస్తే, జో జోన్స్ అతని తలకు గురిపెట్టి సింబల్ విసిరాడట. ఆ అవమానమే అతనిని మహావిద్వాంసుణ్ణి చేసిందట. జాజ్ చరిత్ర చెప్పేది వేరు. 1936లో కాన్సాస్ సిటీలో జోన్స్ ఆ కంచుపళ్లేన్ని విసిరింది పార్కర్ కాళ్ల దగ్గర నేలపైకి, ఇక వాయించింది చాలునని సూచించడానికి. మరుసటి వేసవిలో పార్కర్ ఒజార్క్ కొండసీమలో కొలువు చేస్తూ, లెస్టర్ యంగ్ రికార్డులను పదే పదే విని సాధన చేశాడు. ఫ్లెచర్ ఈ శ్రవణాన్ని వదిలి దెబ్బను మాత్రం పెద్దది చేశాడు. తన పూర్వ విద్యార్థి ఒకడు ఆత్మహత్య చేసుకొంటే, కారు ప్రమాదంలో పోయాడని తరగతిలో చెప్పేదీ ఇతడే. ఒక కథను పెంచి, మరొక కథను దాచి నిలబెట్టుకొన్న సిద్ధాంతమిది.

తెలుగు ప్రేక్షకునికి కె. విశ్వనాథ్ 'స్వాతికిరణం' (1992) స్ఫురించక మానదు. అక్కడ అనంతరామశర్మను దహించేది శిష్యునిపై అసూయ. గంగాధరం మరణం ముందు ఆ గురువు తన దోషాన్ని ఎదుర్కోక తప్పదు. ఫ్లెచర్‌కు అసూయ లేదు, కనుక పశ్చాత్తాపమూ లేదు. అతడు తన పద్ధతిని కర్తవ్యమనే నమ్ముతాడు. అందుకే అతడు మరింత ప్రమాదకారి.

చిత్రంలో ఒక పెద్ద లోపమున్నది. జాజ్‌కు ప్రాణం మనోధర్మం, తోటివారిని వింటూ వాయించడం. ఇక్కడ ఆ స్థానాన్ని వేగమూ, నెత్తురోడే వేళ్లూ ఆక్రమించాయి. చివరి 'కారవాన్' ఘట్టంలో గురుశిష్యుల చూపులు కలిసి, చిరునవ్వులు విరుస్తాయి. వెంటనే తెర చీకటవుతుంది. తలుపు సందులోనుండి కొడుకును చూసిన తండ్రి ముఖంలో మాత్రం గర్వం కన్నా కలవరమే అధికం. దర్శకుడు ఆ ముఖం వద్ద ఇంకొంతసేపు నిలిచి ఉండవలసింది.