గోడలకు నోరుంది

ఈ వారం మా అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు. "బాబాయ్, హోమ్ థియేటర్‌కి డిరాక్ ఉన్న ఆంప్లిఫైయర్ కొనాలా, ఆడిస్సీ ఉన్నది సరిపోతుందా?" స్పీకర్లు ఏవిరా అంటే, "ఇంకా అనుకోలేదు" అన్నాడు. గది పొడుగెంతంటే, "12 అడుగులుంటుందేమో" అన్నాడు. ఎసరు పెట్టకముందే పోపు గురించి బెంగ!

ఈ శీర్షిక చదివేవాళ్లకు నా పాత పాట తెలుసు: ముందు గది, తర్వాత స్పీకర్లు, ఆఖరున డబ్బా. ఆ పాట నేర్పింది మా ఊరి మైకుసెట్టు ఆయన. శ్రీరామనవమి పందిట్లో బల్లమీద ఆహుజా ఆంప్లిఫైయర్ పెట్టి, గుంజలకు రెండు హారన్లు కట్టేవాడు. శిష్యుడు మైకు దగ్గర "హలో, వన్ టూ త్రీ" అంటూంటే తను పందిరంతా తిరిగి చెవి ఒగ్గేవాడు. ముందు వరసలో నిలబడి ఒకసారి, ఆడవాళ్లు కూర్చునే వైపు ఒకసారి, వెనక అరుగు మీద కూర్చుని ఒకసారి. మైకు కుయ్యిమంటే నాబ్ తగ్గిస్తాడనుకునేవాళ్లం. ముట్టుకునేవాడు కాదు. నిచ్చెనెక్కి హారన్ మూతి కాస్త పక్కకు తిప్పి దిగేవాడు. నాబ్ తగ్గిస్తే వెనకవాళ్లకు హరికథ వినబడదు. హారన్ మైకు వైపు చూడకుంటే చాలు, కూత ఆగుతుంది.

గది శబ్దాన్ని సరిదిద్దే ఆడిస్సీ సాఫ్ట్‌వేర్‌దీ ఆ తిరుగుడే. మైకును కూర్చునే చోటా దాని చుట్టుపక్కలా పెట్టించి, స్పీకర్లతో చిర్రుమనే శబ్దాలు చేయించి, గది కలిపిందేమిటో లెక్కగట్టి ఎదురు ఫిల్టర్ వేస్తుంది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధనల్లోంచి 2002లో పుట్టింది. స్థాపించినవాళ్లలో సినిమా హాళ్ల ధ్వని ప్రమాణం టీహెచ్‌ఎక్స్‌ను రూపొందించిన టామ్లిన్సన్ హోల్మన్ ఒకడు. ఇదే పని చేసే డిరాక్‌ది స్వీడన్‌లోని ఉప్సాల. స్పీకర్ ఏ కంపెనీదైనా రెండింటికీ పట్టింపు లేదు. పేచీ అంతా ఆంప్లిఫైయర్‌తోనే. డెనాన్‌తో వచ్చిన మైకు యమహాకి వాడకూడదు. డిరాక్ లైసెన్సు ఏ పెట్టెకు కొంటే ఆ పెట్టెకే. పైగా ఫిల్టర్ ఎక్కడైనా శబ్దాన్ని 3 డెసిబెల్స్ పెంచమంటే రెండింతల శక్తి కావాలి, 10 పెంచమంటే పదింతలు.

మందపాటి కర్టెన్లు, తివాచీ, పుస్తకాల బీరువా అనే నా వైద్యమే మేలని వాడికి చెప్పబోయి ఆగాను. 12 అడుగుల గోడల మధ్య మొదటి గుమ్ము 47 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. ఆ అల పొడవు 24 అడుగులు. దానికి కర్టెనొక లెక్కా? నా వైద్యం పారని చోటే సాఫ్ట్‌వేర్ పారుతుంది, ఆ గుమ్మును శుభ్రంగా తగ్గించేస్తుంది. 300 హెర్ట్జ్ పైన మాత్రం దాన్ని చెయ్యి పెట్టనివ్వకండి. మంచి స్పీకరైతే అక్కడ దాని గొంతు దానికుంటుంది.

ఆ 300 కింది పని డిరాక్ ఒక్కటే కాదు, ఆడిస్సీ కూడా చేసిపెడుతుంది. రెండూ చేయలేనిది ఒకటుంది. గది నడిమధ్య కూర్చుంటే అదే 47 హెర్ట్జ్ దగ్గర శబ్దంలో గుంట. ఎంత శక్తి పోసినా గోడ నుంచి తిరిగొచ్చే అల దాన్ని కొట్టేస్తుంది. సోఫా జరపాలి, లేదా రెండో సబ్‌వూఫర్ పెట్టాలి. డిరాక్‌కి పెట్టే అదనపు డబ్బు ముందు అక్కడ పెట్టమన్నాను.