మోకు మీద సాగిన సంసారం

తెలంగాణ పల్లెల్లో కల్లు గీసే ఎన్నో గౌడ కుటుంబాలకు కత్తి నూరే చప్పుడుతోనే పొద్దు మొదలయ్యేది. పిల్లలు లేచేసరికి నాన్న తాటివనంలో ఉండేవాడు.

నడుముకు ముత్తాదు, అందులో గీతకత్తులు, కాళ్లకు గుజి, చెట్టునూ తననూ కలిపి చుట్టుకున్న మోకు. 40, 50 అడుగుల తాటిచెట్టు ఎక్కడానికి అతనికున్న సరంజామా అంతే. అసలు నేర్పు పైకెళ్లాకే తెలుస్తుంది. గెల కొసను పల్చగా చెక్కాలి. కత్తి లోతుగా దిగితే గెల పాడవుతుంది, పైపైన గీస్తే కల్లు ఊరదు. చెక్కి, లొట్టి కట్టి దిగాలి. సాయంత్రం మళ్లీ ఎక్కాలి. గీత ఆగితే గెల ఎండిపోతుంది, అందుకే పండగపూటా చెట్టు తప్పేది కాదు.

ఆ రెక్కల కష్టం మీదే పిల్లల చదువులు, ఆడబిడ్డల పెళ్లిళ్లు నడిచాయి. ఎండాకాలం వచ్చిందంటే నాన్న ఎంత అలసినా ఇంటికి ముంజకాయలు తేవడం మరిచేవాడు కాదు. తాటిగింజ నాటితే చెట్టు గీతకు రావడానికి పదిహేనేళ్లయినా పడుతుంది. అందుకే నాన్న గీసిన చెట్లలో చాలావరకు తాతలు కాపాడినవే.

మోకు జారితే ప్రాణం పోవచ్చు, నడుము విరగొచ్చు. అలా తండ్రిని పోగొట్టుకున్న ఇళ్లు ఊరూరా ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. పట్టు తప్పినా మనిషి కింద పడకుండా ఆపే ఈ కిట్టు, చెట్టెక్కే ప్రతి తండ్రికీ అందాలి.