మల్లెపువ్వు ఖరీదు

నా పుట్టినరోజు ఎప్పుడని మా అమ్మని అడిగితే, "ఆవకాయ జాడీకి వాసెన కట్టిన మర్నాడు" అనేది. తారీఖు నాన్నగారు పంచాంగం వెనక అట్ట మీద రాసిపెట్టారు కనక సరిపోయింది. పాలస్తీనా కవయిత్రి ఫద్వా తూకాన్‌కి ఆ ఆధారమూ లేదు. వాళ్ళమ్మని అడిగితే, అక్కూబ్ అనే ముళ్ళకూర వండుకుంటున్న రోజని చెప్పిందట. అంతకంటే కావాలంటే, తను ఏడోనెల కడుపుతో ఉండగా మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన బంధువొకడి సమాధి మీద సంవత్సరం చూసుకోవాలి! పుస్తకాల్లో మాత్రం 1917 అని వేస్తున్నారు.

ఫద్వా ఆత్మకథ 1985లో అరబ్బీలో పుస్తకంగా వచ్చింది. కొండదారి ప్రయాణం, కష్టమైన ప్రయాణం అని దాని పేరుకి అర్థం. 1990లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం నేను చదివాను. అంతకుముందు ఆవిడ గురించి నాకు తెలిసిందల్లా ఒక్కటే. ఆవిడ పద్యం ఒక్కటి ఇరవైమంది శత్రుసైనికుల పెట్టు అని ఇజ్రాయెల్ రక్షణమంత్రి మోషే దయాన్ అన్నాడని చెప్పుకుంటారు. ఫద్వా గురించి రాసేవాళ్ళంతా ఆ మాటతోనే మొదలుపెడతారు. ఈ పుస్తకం చదివాక నాకా మాట మీద చిరాకు వేసింది. ఎంచేతంటే ఆవిడ మొదటి యుద్ధం దేశం సరిహద్దులో జరగలేదు, సొంత ఇంట్లో జరిగింది. దాని సంగతి ఎవరూ ఎత్తరు.

నాబ్లస్ రెండు కొండల మధ్య ఉన్న పాతకాలపు ఊరు. ఆలివ్ నూనె సబ్బులకి పేరు. తూకాన్‌లు ఆ ఊళ్ళో పెద్ద కుటుంబం, సబ్బుల కార్ఖానా ఉన్నవాళ్ళు. పదిమంది పిల్లల్లో ఫద్వా ఏడోది. ఈ కాన్పు వద్దనుకుని వాళ్ళమ్మ కడుపు పోగొట్టుకోవాలని చూసిందట. ఆ మాట కూతురు రాసింది చూడండి, అక్కడ నేను పుస్తకం మూసి కాసేపు కూచున్నాను. తల్లిని తిట్టడానికి రాయలేదావిడ. వరసగా కని కని అలిసిపోయిన ఆడది ఆ పని ఎందుకు చేసిందో అర్థం చేసుకునే రాసింది. తల్లిని ఇలా ఎదురుగా నిలబెట్టి, నిష్ఠూరమూ ప్రేమా రెండూ దాచకుండా రాసిన ఆత్మకథలు నేను చదివినవాటిలో బహుకొద్ది.

ఇక మల్లెపువ్వు సంగతి. బడికి వెళ్ళే వయసులో ఓ కుర్రాడు ఆ పిల్లకి ఒక మల్లెపువ్వు ఇప్పించాడు. ఒక్క పువ్వు! ఎవరో చూశారు, ఇంట్లో చెప్పారు. అన్నల్లో ఒకడు తీర్పు చెప్పేశాడు: బడి మానెయ్యాలి, గడప దాటితే చంపేస్తాను. అంతటితో ఆవిడ చదువు సరి.

ఆ ఇంట్లోనే ఇంకో అన్న ఉన్నాడు. ఇబ్రహీం తూకాన్ కవి. ఆయన రాసిన ఒక గీతాన్ని 2004లో ఇరాక్ తన జాతీయగీతంగా తీసుకుంది. ఆయన 1929లో బేరూత్‌లో చదువు ముగించుకుని ఇంటికొచ్చి, చెల్లెల్ని కూచోబెట్టి పద్యాలు నేర్పడం మొదలుపెట్టాడు. మొదటి పాఠంగా ఏ పద్యం ఇచ్చాడనుకున్నారు? చనిపోయిన అన్న కోసం ఒక చెల్లెలు పాడిన పాత అరబ్బు పద్యం. పన్నెండేళ్ళు గడిచేసరికి, 1941లో, ఆయనే పోయాడు. ఆ పాఠం అప్పజెప్పవలసిన రోజు నిజంగానే వచ్చింది. (మన భండారు అచ్చమాంబకి చదువు నేర్పిందీ తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారే. ఆడవాళ్ళ చదువు ఎక్కడైనా ఇలా ఒక మంచి అన్నో తమ్ముడో దొరకడం మీద ఆధారపడిందని తలుచుకుంటే సంతోషమూ వేస్తుంది, వొళ్ళూ మండుతుంది.)

ఇబ్రహీం పోయాక తండ్రి ఫద్వా గదికి వచ్చేవాడు. అన్న లేని లోటు తీరేలా దేశం గురించి పద్యాలు రాయమనేవాడు. పుస్తకం మొత్తానికి ఆయువుపట్టు ఇదే అని నా అభిప్రాయం. వీధిలోకి వెళ్ళనివ్వరు, సభలకి పోనివ్వరు, మగవాళ్ళు రాజకీయాలు మాట్లాడుకునే గదిలోకి రానివ్వరు, దేశం మీద పద్యం మాత్రం కావాలి! చూడని దేశాన్ని ఎలా రాయను అని ఆ పిల్ల లోలోపల కుమిలిపోయింది. ఒక్క ముక్క రాయలేకపోయింది. చేతకాక కాదు, మనసు మొరాయించింది.

మరి ఆ రోజుల్లో ఏం రాసింది? దుఃఖం. 1952లో వచ్చిన మొదటి సంపుటి పేరుకి అర్థమే రోజులతో ఒంటరిగా అని. నిజం చెప్పొద్దూ, అనువాదంలో ఆ కాలపు పద్యాలు నన్ను పెద్దగా కదిలించలేదు. చీకటి, కన్నీళ్ళు, నిట్టూర్పు, మళ్ళీ చీకటి. కానీ వాటిని సొంత ఏడుపని తీసిపారేసి, 1967లో ఇజ్రాయెల్ సైన్యం నాబ్లస్‌లోకి వచ్చాక రాసినవే అసలు కవిత్వం అనే విమర్శకులతో నేను ఒప్పుకోను. ఆక్రమణ కింద బతకడం ఊళ్ళో మగవాళ్ళకి కొత్త. గుమ్మం దగ్గర కాపలా, బయటికి వెళ్ళడానికి ఒకరి అనుమతి, ఈవిడకి చిన్నప్పటి నుంచి అలవాటే! వంతెన దగ్గర పర్మిట్ కోసం గంటల తరబడి ఎండలో నిలబడిన అనుభవం మీద ఆవిడ రాసిన పద్యంలో ఆ అవమానం అంత సూటిగా తగలడం అందుకే. తనలో పుట్టిన పగని కూడా అందులో దాచుకోలేదు. 1968లో, హైఫాలో మహమూద్ దర్వీష్ వంటి కుర్రకవుల్ని కలుసుకున్న రోజుల్లో రాసిన పద్యం పేరు నేను ఏడవను అని. ఇరవై ఏళ్ళు పద్యాల్లో ఏడ్చిన మనిషి ఆ మాట అనడంలోని బరువు, ఆ ఏడుపు చదవనివాళ్ళకి ఎలా తెలుస్తుంది?

పుస్తకంలో నాకు నచ్చని సంగతీ ఉంది. జీవితం అంతా విప్పి చూపించలేదని ఆవిడే ముందుమాటలో చెప్పేసింది. 1962లో ఇంగ్లండు వెళ్ళి ఆక్స్‌ఫర్డ్‌లో గడిపిన రోజులు వచ్చేసరికి, మనసు విప్పుతుందేమో అనుకున్నచోటల్లా తలుపు దగ్గరికి వేసేస్తుంది. నాబ్లస్‌లో బతకవలసిన ఆడది, పాపం, అంతకన్నా ఏం రాస్తుంది అనీ అనిపించింది. అదే ఊళ్ళో 1941లో పుట్టిన నవలాకారిణి సహర్ ఖలీఫా ఆ తర్వాత మొహమాటం లేకుండా రాసిందంటే, ఈవిడ ఓరగా తెరిచిన తలుపు ఎంతోకొంత పనికొచ్చే ఉంటుంది.

బడి మానిపించిన ఆ పిల్ల పెద్దయ్యాక నాబ్లస్‌లోని అన్‌నజా విశ్వవిద్యాలయం ధర్మకర్తల మండలిలో సభ్యురాలయింది. 2003 డిసెంబరు 12న ఆ ఊళ్ళోనే కన్నుమూసింది.

మా పెద్దక్కని ఎనిమిదో క్లాసులో బడి మానిపించారు. కారణం పువ్వు కూడా కాదు, ఎవరో రాసిన ఉత్తరం. పెద్దమనుషులు ఇంటికొస్తే మాత్రం నాన్నగారు దాన్ని పిలిచి దేశభక్తి పాట పాడమనేవారు. అక్కకి ఇంగ్లీషు రాదు. మొన్న చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉంటే ఈ కథంతా చెప్పాను. అంతా విని, "ఇంతకీ వాళ్ళ నాన్న అడిగిన పద్యాలు రాసిందా?" అంది.

రాసిందక్కా, 1948లో దేశమూ పోయింది, ఆ సంవత్సరమే తండ్రీ పోయాడు, ఆ తర్వాతే రాసింది అన్నాను.

"అయితే ఆయన వినలేదన్నమాట" అని, అక్క ఇంకో గుప్పెడు చిక్కుడుకాయలు ముందుకు లాక్కుంది.