మావయ్య గీటురాయి

"నువ్వు చేసే ఆ ఎముకల పొడేదో ఈసారి వచ్చేటప్పుడు నాక్కూడా కాస్త తేరా, మోకాళ్లకి రాసుకుంటాను" అంది అమ్మ, గత నెల నేను బందరు వెళ్లినప్పుడు.

అమ్మ పుట్టింది దివిసీమలో. 1977 నవంబరు 19న ఉప్పెనొస్తే చంకన పసిబిడ్డతో పక్కింటి మిద్దె ఎక్కిన మోకాళ్లు అవి. ఇప్పుడు గుడివాడలో పిన్ని వాళ్లింటికెళితే మూడు మెట్లకే మొరాయిస్తున్నాయట. ఆ పొడి రాసుకునేది కాదని చెప్పాను. "మరి మింగేదా?" అంది.

మింగేదీ కాదు. చిటికెన వేలంత సీసా, అందులో పది మైక్రోగ్రాముల ప్రొటీన్. దీపం దగ్గర పెట్టి చూసినా కంటికి ఆనదు. మొదటిసారి మా ల్యాబుకొచ్చిన కుర్రాడు మూత తీసి, "ఖాళీ సీసా పంపారండీ" అన్నాడు. పొడి మూతకే అంటుకుని ఉంది. తెరవకముందే సెంట్రిఫ్యూజ్‌లో ఓ తిప్పు తిప్పాలని అతనికెవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ణి నేనే.

దాని పేరు బీఎంపీ-2. ఎముకను పుట్టించే ప్రొటీన్. దీని కథ ఎముకలో కాక కండలో మొదలైంది. 1965లో మార్షల్ యూరిస్ట్ అనే అమెరికన్ వైద్యుడు, సున్నం తీసేసిన ఎముక ముక్కను జంతువు కండరంలో పెట్టి కుట్టేశాడు. కొన్నాళ్లకు అక్కడ, కండ మధ్యన, కొత్త ఎముక కట్టింది. ఎముకలో ఏదో ఉంది, అది పక్కనున్న కణాలకు 'మీరు ఎముకలవండి' అని చెబుతోంది అనుకున్నాడు. ఆ 'ఏదో' ఏమిటో తేలడానికి ఇరవై మూడేళ్లు పట్టింది. పశువుల ఎముకల పొడి కిలోలకు కిలోలు ఒడగడితే దక్కేది మైక్రోగ్రాములు. 1988లో దాని జన్యువు చేతికందాక ఎముకలతో పని లేకుండా పోయింది. ఆ జన్యువును బాక్టీరియాలో పెడితే, తనది కాని వంటను అది రాత్రికి రాత్రి వండిపెడుతుంది. రీకాంబినెంట్ అంటే ఇంతే. హైదరాబాదులో 1997లో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా కూడా ఈ దారిలో వచ్చిందే, అక్కడ వంటమనిషి ఈస్టు.

వండటం తేలికే. చిక్కంతా ఆ తర్వాత. ఈ ప్రొటీన్ బాక్టీరియాకు అరగదు, లోపల గడ్డలు కడుతుంది. ఆ గడ్డల్ని యూరియాలో కరిగించి, దారాలుగా విప్పి, యూరియాను మెల్లమెల్లగా తీసేస్తూ మళ్లీ సరిగా మడత పడనివ్వాలి. పైగా ఇది ఒంటరిగా పనిచేయదు. రెండు పోగులు జంటగా ముడిపడితేనే దానికి ప్రాణం. ఒక్కో పోగు బరువు సుమారు 13 కిలోడాల్టన్లు, జంటది 26. తొందరపడితే గడ్డ మళ్లీ గడ్డే. నా చేతిలో ఎన్ని లీటర్లు పాలు విరిగినట్టు విరిగిపోయాయో లెక్క రాసుకోలేదు, సిగ్గేసి.

మా మావయ్య చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పని చేసేవాడు. రాగి కడ్డీకి పల్చటి బంగారు రేకు చుట్టి, కాల్చి అతికించి, తీగ లాగేవాళ్లు. తీగ ఎంత సాగితే బంగారమూ దాంతోపాటే సాగేది. ఓసారి ఆ తీగను గీటురాయి మీద గీసి చూపించాడు. గీత బంగారు రంగులోనే పడింది. "రాయి పైదాన్నే చెబుద్దిరా అబ్బాయ్, లోపలి సంగతి తెలియాలంటే తీగ తెంచాలి" అన్నాడు. మావయ్య గిల్టును గిల్టనే అమ్మాడు, అది వేరే సంగతి.

మా గీటురాయి జెల్. ప్రొటీన్‌ను దాని మీద పరిగెత్తిస్తే బరువును బట్టి ఒకచోట నీలం గీతగా ఆగుతుంది. కొత్తల్లో నాకు 13 దగ్గర ఒకే గీత పడింది, కత్తితో గీసినట్టు. సంబరపడి ఫొటో తీసి, ఆ బ్యాచ్‌ను స్నేహితుడికి పంపించాను. రెండు వారాలాగి ఫోన్ చేశాడు. "నీ ప్రొటీన్ చచ్చిపోయింది బావా."

చచ్చిపోలేదు, అసలు పుట్టనే లేదు. జెల్ మీదికి ఎక్కించే ముందు మనమే ప్రొటీన్‌ను ఉడికించి, ముళ్లు తెంచే మందు వేసి, మడతలన్నీ విప్పేస్తాం. విప్పేసినదాన్ని చూసి మడత సంగతి ఎలా తెలుస్తుంది? ఆ మందు వేయకుండా పక్కన ఇంకో గీత చూసుంటే, 26 దగ్గర జంట లేదని ఆరోజే తెలిసేది. నేను చూడలేదు. 13 అందంగా ఉంది కదా అని ఊరుకున్నాను.

తీగ తెంచి చూడటమంటే మా పనిలో ఇది: ఎలుక కండరంగా ఎదగాల్సిన కణాలను పళ్లెంలో పెంచి, వాటికి ఈ ప్రొటీన్ ఇవ్వడం. అది బతికున్నదైతే కొద్ది రోజుల్లో ఆ కణాలు కండ దారి వదిలి ఎముక దారి పడతాయి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ తయారుచేస్తాయి. మీ రక్తపరీక్ష కాగితం మీద ఈ పేరు చూసే ఉంటారు. ఓ రంగులేని ద్రావణం పోస్తే ఆ ఎంజైమ్ అందులోంచి ఫాస్ఫేటును విడగొడుతుంది, ద్రావణం పసుపెక్కుతుంది. ఎంత పసుపైతే అంత పని. ఫాస్ఫేటు లెక్కను రంగులో చూడటం మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకూ తెలిసిన విద్యే. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1925లో ఆయన చూపిన రంగు నీలం. ఆ కొలతతోనే 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను పట్టుకున్నారు. పళ్లెం పసుపెక్కిన రోజున నాకు ఆయనే గుర్తొస్తాడు.

ఇంత చేసినదాన్ని పాడుచేయడానికి ఒక్క రోజు చాలు. మామూలు నీళ్లలో కలిపితే సరిగా కరగదు, కాస్త పులుపుండాలి. ప్లాస్టిక్ గోడకు అంటుకుపోతుంది, తోడుగా కాస్త ఆల్బుమిన్ కలపాలి. గడ్డకట్టించి, కరిగించి, మళ్లీ గడ్డకట్టిస్తూ పోతే పని తగ్గిపోతుంది. కుర్రాళ్లకు ఇదెలా చెప్పాలో నాకు తెలిసేది కాదు, అమ్మే దారి చూపింది. పెద్ద జాడీలోంచి వారానికి సరిపడా ఆవకాయ చిన్న సీసాలోకి తీసి, జాడీకి మళ్లీ వాసెన కట్టేస్తుంది. తడి చెయ్యి తగలనివ్వదు. మా ఫ్రీజర్లో చిన్న గొట్టాలు వరసగా పేర్చి ఉండేది అందుకే, ఒక్కో ప్రయోగానికి ఒక్కోటి.

అమ్మకు మోకాళ్ల సంగతీ చెప్పాను. అరిగింది మృదులాస్థి. ఈ ప్రొటీన్‌కు తెలిసింది ఎముక పుట్టించడం, ఎక్కడ పెడితే అక్కడ. వైద్యానికి వాడేది వేరేగా, కట్టుదిట్టంగా తయారవుతుంది. 2002లో అమెరికాలో వెన్నెముక ఆపరేషన్‌కు దానికి అనుమతి వచ్చింది. మెడ దగ్గర వాడితే ప్రమాదకరమైన వాపు వస్తోందని 2008లో అక్కడి ప్రభుత్వమే హెచ్చరించింది. మా సీసా మీదైతే 'పరిశోధనకు మాత్రమే' అని రాసి ఉంటుంది. బాక్టీరియా విషం ఏ మూలన మిగిలి ఉందోనన్న భయమూ ఆ మాటలో ఉంది.

"కండని ఎముక చేసేదైతే నాకెందుకులే, ఉన్న కండే తక్కువ" అంది అమ్మ.

ల్యాబుల్లో పనిచేసే పిల్లలకు ఒక మాట. ప్రొటీన్ కొనేటప్పుడు జెల్ ఫొటో ఒక్కటే చూపిస్తే డబ్బు కట్టకండి. కణాల మీద చేసిన పరీక్ష అంకెలు అడగండి. అవి మీకొచ్చే బ్యాచ్‌వో, ఎప్పుడో చేసిన పాత బ్యాచ్‌వో కూడా అడగండి.