పదిహేను సెకన్ల వంతు

14.074 మెగాహెర్ట్జ్. ఈ అంకెను ఏ చట్టమూ శాసించలేదు. బ్యాండును కేటాయించింది ప్రభుత్వాలే అయినా, అందులో ఈ చోటును ఎంచుకున్నది మాత్రం హామ్ రేడియో ఔత్సాహికులే. బలహీనమైన సిగ్నళ్లతో డిజిటల్ సందేశాలు పంపుకునేవారు 20 మీటర్ల బ్యాండులో ఇక్కడే కలుసుకుంటారు. 40 మీటర్ల బ్యాండులో 7.074, 15 మీటర్లలో 21.074, 10 మీటర్లలో 28.074 దగ్గర చేరతారు. ఒకరికొకరు ముఖపరిచయం లేని వేలమంది ఇలా మాట మీద నిలబడటం రేడియో చరిత్రలోని మంచి సంప్రదాయాల్లో ఒకటి.

నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి, వరికుంటపాడు ప్రాంతానికి ఈ విద్య బాగా సరిపోతుంది. చేతిలో పట్టుకునే వీహెచ్‌ఎఫ్ సెట్టు తరంగం దాదాపు చూపు మేరే సాగుతుంది. పడమట వెలిగొండలు అడ్డం నిలిస్తే అవతలికి పోదు. 7 మెగాహెర్ట్జ్ తరంగం అలా కాదు. పెద్ద ఎత్తు లేకుండా కట్టిన తీగ నుంచి నిటారుగా పైకి లేచి, అయనోస్ఫియర్‌ను తాకి, చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు పగటిపూట అనువైన దారి అదే. చెరొకవైపు పది మీటర్లుగా కట్టిన రాగితీగ ఆ బ్యాండుకు చాలిన యాంటెన్నా. పైగా నగరంతో పోలిస్తే ఊరి బయట పొలాల్లో విద్యుత్ పరికరాల రొద తక్కువ. బలహీన సిగ్నల్ వినాలనుకునేవారికి ఆ నిశ్శబ్దమే పెద్ద ఆస్తి.

అందరూ ఒకే చోటికి ఎందుకు రావాలి? మాటతోనో మోర్సుతోనో సంభాషించేవారు డయల్ తిప్పుతూ గొంతు వినబడ్డ చోట ఆగుతారు. ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతిలో సిగ్నల్ రొద కంటే 21 డెసిబెల్స్ దిగువన ఉన్నా చదవగలం. అంటే 2,500 హెర్ట్జ్ వెడల్పులో కొలిచిన రొద శక్తి, సిగ్నల్ శక్తికి నూరు రెట్లు దాటినా సందేశం అందుతుంది. అంత సన్నటి సిగ్నల్ చెవికి ఆనదు. చెవికి ఆననిదాన్ని డయల్ తిప్పి వెతకలేం. ఎక్కడ, ఏ క్షణాన వస్తుందో ముందే తెలిసి ఉండాలి. చోటూ వేళా ఒప్పుకోవడం ఇక్కడ మర్యాద ఒక్కటే కాదు, పద్ధతి పనిచేయడానికి మూలాధారం.

ఈ ఆలోచన వెనక ఒక ఖగోళ శాస్త్రవేత్త ఉన్నారు. జో టేలర్ 1974లో రస్సెల్ హల్స్‌తో కలిసి జంట పల్సార్‌ను కనుగొన్నారు. 1993లో ఇద్దరికీ భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆకాశపు రొదలోంచి సన్నని సంకేతాన్ని ఏరడంలో ఆరితేరిన ఆయన ఆ నేర్పును హామ్‌లకు పంచారు. చంద్రుడి మీద తగిలి వెనక్కొచ్చే సిగ్నళ్ల కోసం 2003లో జేటీ65, తరంగాలు ఎక్కడెక్కడికి చేరుతున్నాయో తెలిపే డబ్ల్యూఎస్‌పీఆర్ 2008లో తెచ్చారు. 2017లో స్టీవ్ ఫ్రాంకేతో కలిసి ఎఫ్‌టీ8 తయారుచేశారు.

ఎఫ్‌టీ8 సందేశంలో ఉండేది 77 బిట్లే. ఇద్దరి కాల్‌సైన్లు, ఒక చోటు గుర్తు లేదా సిగ్నల్ బలం, అంతే. తప్పుల్ని పట్టి సరిదిద్దే బిట్లు కలిపితే 174 అవుతాయి. ఎనిమిది స్వరాల్లో అది 12.64 సెకన్లు మోగుతుంది. చోటును నాలుగు అక్షరాంకెలతో చెబుతారు. ఉదయగిరి, ఆత్మకూరు, నెల్లూరు మూడూ ఎంకే94 గడిలోకి వస్తాయి. నెల్లూరు దాటగానే 80 డిగ్రీల రేఖాంశం దగ్గర మొదటి అక్షరం మారుతుంది. శ్రీహరికోట ఎన్‌కే03.

చోటు ఎంపికలోనూ పాత కాపుల పట్ల గౌరవం కనిపిస్తుంది. 20 మీటర్లలో 14.070 దగ్గర పీఎస్‌కే31 వాడేవారు, 14.076 దగ్గర జేటీ65 వాడేవారు అప్పటికే ఉన్నారు. ఎఫ్‌టీ8 ఆ రెంటి నడుమ 14.074ను ఎంచుకుంది. ఆ అంకె మీద రిసీవర్‌ను నిలిపితే పైన మూడు కిలోహెర్ట్జ్ మేర ఉన్న సిగ్నళ్లన్నిటినీ కంప్యూటర్ ఒకేసారి చదువుతుంది. ఒక్కో సిగ్నల్ వెడల్పు 50 హెర్ట్జ్. మాట సంభాషణ ఒక్కటి పట్టే జాగాలో అరవై దాకా పక్కపక్కనే ఇముడుతాయి.

ఇక వేళ. నిమిషాన్ని నాలుగు పదిహేను సెకన్ల ముక్కలు చేశారు. ఒక ముక్కలో ఒకరు పంపితే తర్వాతి ముక్కలో ఎదుటివారు పంపుతారు. చెరువు కింద రైతులు వంతులు వేసుకుని నీరు పెట్టుకున్నట్టే ఇది. పైమడి రైతు తన వంతు దాటి నీరు మళ్లిస్తే చివరి మడి ఎండుతుంది. ఇక్కడా గడియారం ఒకటి రెండు సెకన్లకు మించి తప్పితే మన సందేశం ఎవరికీ అందదు, పక్కవారి వంతు చెడుతుంది. ఇంటర్నెట్ అందని చోట జీపీఎస్‌తో గడియారం సరిచేసుకోవచ్చు. మన సమయం ప్రపంచ సమయానికి అయిదున్నర గంటలు ముందున్నా సెకన్ల లెక్క మారదు. సరి నిమిషాల్లో మొదలయ్యే డబ్ల్యూఎస్‌పీఆర్‌కూ చిక్కు లేదు. ముప్పై సరిసంఖ్య కనుక అక్కడి సరి నిమిషం ఇక్కడా సరి నిమిషమే.

నేర్పంతా పంపడానికి ముందే మొదలవుతుంది. తెర మీద సిగ్నళ్లు గీతలుగా జారే వాటర్‌ఫాల్‌ను కొన్ని వంతులపాటు చూసి, రెండు వంతుల్లోనూ ఖాళీగా ఉన్న సందును పట్టుకోవాలి. పిలుస్తున్నవారి గీత మీదే జవాబు పంపకుండా మన సందులోంచి పంపడం మేలు. లేకపోతే పదిమంది జవాబులు ఒకదాని మీద ఒకటి పడతాయి. కంప్యూటర్ నుంచి ట్రాన్స్‌మిటర్‌కు వెళ్లే స్వరాన్ని మితంలో ఉంచాలి. అది మితిమీరితే 500 హెర్ట్జ్ స్వరానికి 1,000 దగ్గరా 1,500 దగ్గరా దొంగ గీతలు పుడతాయి. స్వరాన్ని 1,500కి పైన ఉంచితే దాని రెట్టింపు 3,000 దాటి ఫిల్టర్‌లో ఆగిపోతుంది. ఇక పవర్. పని జరిగేంత చాలు. అయిదు వాట్లతో అందే సందేశానికి వంద వాట్లు పెడితే సన్నటి సిగ్నల్‌ను వింటున్నవారికి అడ్డుపడినట్టే.

ఇరుగుపొరుగునూ ఎరిగి ఉండాలి. 14.0970 నుంచి 14.0972 వరకున్న 200 హెర్ట్జ్ డబ్ల్యూఎస్‌పీఆర్‌ది. 14.100 మీద పరీక్షా సిగ్నళ్లు పంపే పద్దెనిమిది బీకన్లు ఒకే ఫ్రీక్వెన్సీని పది సెకన్ల చొప్పున పంచుకుంటూ మూడు నిమిషాలకొక చుట్టు తిరుగుతాయి. వాటిలో శ్రీలంకది మనకు దగ్గరిది. అది 100 వాట్లతో మొదలై 0.1 వాటుకు దిగుతుంది. ఎంత సన్నబడేదాకా వినబడుతోందో గమనిస్తే ఆ పూట దారి ఎలా ఉందో తెలుస్తుంది. 7 మెగాహెర్ట్జ్‌లో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. 2003 ప్రపంచ రేడియో సదస్సు నిర్ణయం 2009లో అమలయ్యేదాకా మన ప్రాంతపు హామ్‌లకు దక్కింది 7.0 నుంచి 7.1 వరకే. మాట్లాడేవారూ ఆ ఇరుకులోనే సర్దుకున్నారు. 7.074 దగ్గర గొంతు వినబడితే ఆగడమే పద్ధతి.

ఈ క్రమశిక్షణ విలువ ఆపదలో తెలుస్తుంది. 1983లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రపంచంతో సంభాషిస్తోంది. 26న సునామీ వచ్చింది. సరదాగా సాగుతున్న ఆ కేంద్రమే అత్యవసర వార్తల వారధి అయింది. 14.300, 7.110 వంటి ఫ్రీక్వెన్సీలను విపత్తు వేళల్లో కలుసుకునే చోట్లుగా ముందే అనుకుని ఉంచడం ఇందుకే. తుపాను రాత్రి కూర్చుని ఒప్పందాలు చేసుకునే వ్యవధి ఉండదు.

నెల్లూరు జిల్లాకు ఈ సంప్రదాయంతో ఇంకో బంధం ఉంది. 2005 మే 5న, శ్రీహరికోట ఇంకా ఈ జిల్లాలోనే ఉన్న కాలంలో, అక్కడి నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మీద హామ్‌ల కోసం హామ్‌శాట్ ఎగిరింది. సిగ్నళ్లను అందుకుని తిరిగి పంపే దాని ట్రాన్స్‌పాండర్లలో ఒకటి మన దేశంలో, ఒకటి నెదర్లాండ్స్‌లో తయారైంది. అలాంటి ట్రాన్స్‌పాండర్‌లో ఒకరు గట్టిగా పంపితే మిగతావారి సిగ్నల్ అంతమేర తగ్గిపోతుంది. నేల మీద నేర్చిన మితమే నింగిలోనూ అక్కరకొచ్చింది.

మన దేశంలో 12 ఏళ్లు నిండినవారు పరీక్ష రాసి హామ్ లైసెన్సు పొందవచ్చు. ఉదయగిరి, ఆత్మకూరు కళాశాలల్లో ఒక తీగ, ఒక రిసీవర్, ఒక పాత కంప్యూటర్ ఉంటే చదువు మొదలైనట్టే. త్రికోణమితి, అయనోస్ఫియర్, దోష సవరణ గణితం అన్నీ ఒకే తెర మీద కనిపిస్తాయి. వాటన్నిటికంటే విలువైన పాఠం మరొకటుంది. కాపలాదారు లేని ఉమ్మడి సొత్తును ప్రతివాడూ తన వంతు మేరకే వాడుకుంటే, అందరికంటే సన్నని గొంతుకూ చోటు మిగులుతుంది. ఆ నియమాన్ని పిల్లలు పుస్తకంలో చదవడం కంటే పదిహేను సెకన్లకోసారి పాటిస్తూ నేర్చుకుంటే అది వాళ్లకు అలవాటుగా స్థిరపడుతుంది.